మనకో పాడ్‌కాస్ట్ కావాలా? – గేమింగ్ మిత్రుల సమావేశంలో చేసిన ప్రసంగం

అందరికీ నమస్కారం. వరంగల్ నుంచి, గుంటూరు నుంచి తెల్లవారకముందే బస్సెక్కి వచ్చినవాళ్ళున్నారు. రాత్రి రెండింటిదాకా కస్టమ్ రూముల్లో ఆడి, కంటినిండా నిద్ర లేకుండా వచ్చినవాళ్ళూ ఉన్నారు. డల్లాస్‌లో ఇప్పుడు అర్ధరాత్రి దాటింది, అయినా కాల్‌లో కూర్చుని వింటున్న తమ్ముళ్ళున్నారు. అందరూ వచ్చినందుకు చాలా సంతోషంగా ఉంది.

నన్ను మాట్లాడమన్న విషయం ఒకటే. మన గుంపుకి సొంతంగా పాడ్‌కాస్ట్ ఉండాలా, వద్దా? రెండు నెలలుగా దీని మీద మనలో మనకి వాదన నడుస్తోంది. సగంమంది పెడదామంటున్నారు, సగంమంది ఒకసారి పెట్టి చేతులు కాల్చుకున్నాం కదా అంటున్నారు. నా మాట ముందే చెప్పేస్తాను. పెట్టాలి. కానీ మీలో ఎక్కువమంది ఎందుకోసం పెట్టాలంటున్నారో అందుకోసం మాత్రం వద్దు.

పెడదామనేవాళ్ళు చెప్పే కారణాలు నేను శ్రద్ధగా చదివాను. మన పేరు బయటికి తెలుస్తుంది, కొత్త ఆటగాళ్ళొస్తారు, స్పాన్సర్లు దొరుకుతారు, అప్‌డేట్ వచ్చిన ప్రతిసారీ వార్తలు చెప్పొచ్చు. ఇవే కారణాలతో 2021లో మొదలుపెట్టాం. బీజీఎంఐ, అంటే చివరిదాకా మిగిలినవాళ్ళే గెలిచే పబ్‌జీ మొబైల్ ఆటకి మన దేశంలో వచ్చిన రూపం, ఆ ఏడాది జులై 2న వచ్చింది, మనం ఆగస్టులో మొదటి ఎపిసోడ్ వదిలాం. ఏడు ఎపిసోడ్లు చేసి ఆపేశాం. ఎందుకు ఆగిపోయిందో మనం ఎప్పుడూ కూర్చుని మాట్లాడుకోలేదు. ఇవాళ మాట్లాడుకుందాం.

ఆ ఏడింటిలో ఆరు ఎలా ఉండేవో గుర్తుందా? ప్యాచ్ నోట్స్ చదివేవాళ్ళం. ఏ గన్ డ్యామేజ్ ఎంత తగ్గింది, ఏ మ్యాప్‌లో ఏ ఊరు మారింది, కొత్త బండి ఎక్కడ దొరుకుతుంది. శుక్రవారం రికార్డు చేస్తే, ఎడిటింగ్ అయి బయటికొచ్చేసరికి బుధవారం. ఆ సమాచారమంతా వీడియోలు చేసేవాళ్ళు అప్‌డేట్ వచ్చిన సాయంత్రమే బొమ్మతో సహా చూపించేసేవాళ్ళు. కంటితో చూస్తే పది సెకన్లలో అర్థమయ్యేదాన్ని మనం నోటితో పది నిమిషాలు చెప్పేవాళ్ళం. ఎవరు వింటారు? మన వాళ్ళే వినలేదు.

ఒక్క అయిదో ఎపిసోడ్ మాత్రం విన్నారు. ఆ రోజు రావలసిన ఇద్దరు రాకపోతే, సిద్దిపేట దగ్గరి పల్లె నుంచి ఒక తమ్ముణ్ణి కాల్‌లోకి తీసుకున్నాం. అతను పదకొండు నిమిషాలు మాట్లాడాడు. లాక్‌డౌన్‌లో వాళ్ళ ఇంట్లో సిగ్నల్ రాక, టోర్నమెంట్ ఉన్నరోజు ఊరి నీళ్ళ ట్యాంకు మెట్లెక్కి సగంలో కూర్చుని ఆడేవాడట. కింద వాళ్ళ నాన్న నిలబడేవాడు. ఆర్టీసీ డ్రైవరు, బస్సులు తిరగక ఇంట్లోనే ఉన్న రోజులవి. మొదటిరోజు దిగమని తిట్టాడు. రెండోరోజు కింద కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. మూడోరోజు పైకి కేకేసి అడిగాడట: “ఎంతమంది మిగిలిన్రు?” అని. ఆ ఒక్క మాట చెప్పేటప్పుడు ఆ తమ్ముడి గొంతు మారింది. ఇప్పటికీ మనలో ఎవరైనా చివరి సర్కిల్‌లో ఉంటే మిగతావాళ్ళు అదే అడుగుతారు. ‘ఎంతమంది మిగిలిన్రు?’ ఎక్కణ్ణుంచి వచ్చిందో కొత్తవాళ్ళకి తెలియదు. అది ఆ నాన్న మాట.

నేను విజయవాడ ఆకాశవాణిలో అయిదేళ్ళు క్యాజువల్ అనౌన్సర్‌గా పనిచేశానని మీలో కొందరికి తెలుసు. ఆ కేంద్రం 1948 డిసెంబరు 1న మొదలైంది. నేను చేరేనాటికి టీవీలొచ్చి, ఎఫ్ఎంలొచ్చి, ఇంకెవరు వింటారులే అనుకునే కాలం. కానీ పోస్టుకార్డులు వస్తూనే ఉండేవి. కోరిన పాట కోసం రాసే కార్డులో పాట పేరు ఒక వరుస, మిగతా అంతా ఇంట్లోవాళ్ళ పేర్లు. అమ్మ, నాన్న, అన్న, వదిన, వాళ్ళ ఇద్దరు పిల్లలు, పక్కింటి పిన్నిగారు. ఇరుగ్గా, కార్డు అంచులదాకా. టైము చాలక ఒకసారి నేను రెండు పేర్లు వదిలేశాను. వారం తిరక్కుండా ఇంకో కార్డు వచ్చింది. ‘పాట బాగుంది. మా చిన్నవాడి పేరు చదవలేదు.’ అంతే రాశారు. ఆ తర్వాత ఎన్ని పేర్లున్నా చదివేదాన్ని, కావాలంటే పాటలో ఒక చరణం తగ్గించేదాన్ని. అప్పటికే వాళ్ళ ఇళ్ళలో ఆ పాటల క్యాసెట్లుండేవి. వాళ్ళు పాట కోసం రాయలేదు. తమ పేరు గాలిలో వినబడటం కోసం రాశారు.

మన పాడ్‌కాస్టు కూడా వినేవాడి పేరు పలికేదిగా ఉండాలని నా కోరిక. బయటివాళ్ళు వింటే సంతోషం. వినకపోయినా మన మూడువందల మందికీ అది కావాలి. ఎందుకు కావాలో చెప్తాను.

మన ఆట ఎన్నిసార్లు మాయమైందో లెక్కపెట్టండి. 2020 సెప్టెంబరు 2న కేంద్ర ప్రభుత్వం 118 యాప్‌లని నిషేధించింది, అందులో పబ్‌జీ మొబైల్ ఒకటి. ఫోన్లలో ఉన్నవాళ్ళు ఇంకొన్ని రోజులు ఆడగలిగారు. అక్టోబరు 30న సర్వర్లు కూడా ఆపేశారు. ఎనిమిది నెలలు ఏమీ లేదు. బీజీఎంఐ వచ్చింది. ఏడాది తిరిగీ తిరగకుండానే, 2022 జులై 28న, ప్లే స్టోర్ నుంచి అదీ తీసేశారు. మళ్ళీ 2023 మే నెలాఖరుకి గానీ తిరిగి రాలేదు. నిషేధాలు సరైనవా కాదా అన్న చర్చ ఇవాళ పెట్టుకోను. మన ఆట మన చేతిలో లేదన్న సంగతే చెప్తున్నాను. అది అద్దె ఇల్లు. ఏ రోజు ఖాళీ చెయ్యమంటారో తెలియదు. అద్దె ఇంట్లో పుట్టిన పిల్లలు, పెరిగిన స్నేహాలు మాత్రం మనవి. ఆ స్నేహాలకి మన దగ్గర ఏ ఆనవాలు మిగిలింది? కొన్ని స్క్రీన్‌షాట్లు, గెలిచినప్పుడు తెర మీద పడే ‘చికెన్ డిన్నర్’ అని రాసి ఉన్నవి. వాటిలో మనుషులు లేరు. స్నేహమంతా నడిచింది మైకులో. మైకులో అన్నమాట అప్పుడే పోతుంది.

నార్వేలో మాట్స్ స్టీన్ అని ఒక అబ్బాయి ఉండేవాడు. కండరాలు క్రమంగా చచ్చుబడే జబ్బు, పుట్టుకతో వచ్చింది. చక్రాల కుర్చీ. 2014 నవంబరులో, పాతికేళ్ళ వయసులో చనిపోయాడు. వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ అనే ఆన్‌లైన్ ఆట ఆడేవాడు. గదిలో ఒంటరిగా కంప్యూటర్ ముందు కూర్చుని కొడుకు జీవితం వృథా అయిపోయిందని తల్లిదండ్రులు కుమిలిపోయారు. అతను పోయిన కబురు వాళ్ళు ఇంటర్నెట్‌లో పెట్టాక, ఎన్నడూ పేరు వినని మనుషుల దగ్గర్నుంచి ఉత్తరాలు రావడం మొదలైంది. మీ అబ్బాయి నా కష్టంలో తోడున్నాడు, మీ అబ్బాయి మాట వల్ల నా కొడుకుతో నేను మళ్ళీ మాట్లాడగలిగాను, అని. అంత్యక్రియలకి వేరే దేశాల నుంచి కూడా వచ్చారు. ‘స్టార్‌లైట్’ అనే గిల్డ్‌లో, అంటే ఆటగాళ్ళ జట్టులో, అతనికి ఒక పెద్ద కుటుంబమే ఉందని తల్లిదండ్రులకి అప్పుడు తెలిసింది. ఇందులో మనకి పనికొచ్చే సంగతి ఒకటుంది. ఆ గిల్డ్‌వాళ్ళు ఆటలో టైప్ చేసుకున్న సంభాషణలని ఏళ్ళ తరబడి దాచిపెట్టారు. అందువల్లే అతను ఎవరితో ఏమన్నాడో, ఎవరిని నవ్వించాడో తర్వాత తెలుసుకోవడానికి వీలైంది.

మనం టైప్ చెయ్యం. మనం మాట్లాడతాం. ‘స్మోక్ వెయ్యి, స్మోక్ వెయ్యి, వస్తున్నా’ అని అరుస్తాం, జోన్ బయట చచ్చిపోతూ కూడా నవ్వుకుంటాం, మ్యాచ్ అయ్యాక లాబీలో కూర్చుని ఇంట్లో గొడవలు చెప్పుకుంటాం. మనలో ఒకరికి రేపేదన్నా అయితే వాళ్ళ అమ్మకి చూపించడానికి మన దగ్గర ఏమీ లేదు. ఈ మాట చెప్పడానికి నాకు మనసొప్పట్లేదు, అయినా చెప్పాలి.

సొంత గొంతు దాచుకోవడమనేది డబ్బున్నవాళ్ళ పని అనుకుంటే, జహీరాబాద్ దగ్గర మాచునూరు అనే ఊరి గురించి వినాలి. డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా సంఘాలవాళ్ళు, ఎక్కువమంది దళిత స్త్రీలు, సేద్యం చేసుకునేవాళ్ళు, తమకో రేడియో కావాలనుకున్నారు. గాలి తరంగాలు ప్రజల ఆస్తి అని సుప్రీంకోర్టు 1995లోనే తీర్పు చెప్పింది. అయినా స్వచ్ఛంద సంస్థలు రేడియో పెట్టుకోవచ్చని ప్రభుత్వ విధానం మారింది 2006లో. ‘సంఘం రేడియో’ గాలిలోకి వెళ్ళింది 2008 అక్టోబరు 15న. మరి అంతకు ముందు? పదేళ్ళపాటు వాళ్ళు ఊరుకోలేదు. లైసెన్సు లేదు కాబట్టి ప్రసారం లేదు. రికార్డింగ్ మాత్రం ఆపలేదు. జొన్నల గురించి, విత్తనాల గురించి, పాటలు, వైద్యం, తగాదాలు, అన్నీ టేపులకెక్కించి సంఘం సమావేశాల్లో పెట్టుకుని విన్నారు. అదీ తమ యాసలోనే. నేను చదివి నేర్చుకున్న ఆకాశవాణి తెలుగులో కాదు. వార్తలు చదివే తెలుగులో తమ బతుకు ఇమడదని వాళ్ళకి తెలుసు.

ప్రసారమే లేని రేడియోని పదేళ్ళు నడిపించారు. మనకి లైసెన్సు అక్కర్లేదు, టవరు అక్కర్లేదు, జేబులో ఫోనుంది. రెండువందల వ్యూలు కూడా రాలేదని ఏడో ఎపిసోడ్‌తో ఆపేశాం.

ఆగిపోవడానికి వ్యూలు ఒక కారణం. ఇంకా రెండున్నాయి. ఆ రెండూ వ్యూల కన్నా పెద్దవి.

మొదటిది, ఎడిటింగ్ చేసిన తమ్ముడు. అదిగో, రెండో వరుసలో ఉన్నాడు. పేరు చెప్పొద్దన్నాడు. యాభై నిమిషాల మాటల్ని నలభై నిమిషాలు చెయ్యడానికి అతనికి ఆరేడు గంటలు పట్టేది. నలుగురి ఫోన్ల నుంచి నాలుగు ఫైళ్ళు, ఒకదానిలో మిక్సీ, ఒకదానిలో గుడి మైకు, ఒకదానిలో ఫ్యాను. అవి తీసెయ్యాలి, దగ్గులు తియ్యాలి, ఒకరి మీద ఒకరు మాట్లాడినచోట విడదియ్యాలి. రికార్డింగ్‌కి అందరం వచ్చేవాళ్ళం. ఎడిటింగ్‌కి ఒక్కడే. అప్పట్లో అతను డిగ్రీ చివరి ఏడు. నాకు ఫోన్ చేసి, “అక్కా, నా వల్ల కావట్లేదు, ఎవరికీ చెప్పకు” అన్నాడు. ఆ తర్వాత నాలుగు నెలలు ఆటలోకి కూడా రాలేదు. పని వదిలేసినందుకు సిగ్గుపడి మనకి దూరంగా ఉన్నాడు. సిగ్గుపడాల్సింది మిగతా వాళ్ళం. మళ్ళీ పెడితే ఎడిటింగ్‌కి ముగ్గురు ముందుకొచ్చాకే పెట్టాలి. ముగ్గురు దొరక్కపోతే పాడ్‌కాస్టే వద్దు. ఈ షరతు దగ్గర మాత్రం నేను దిగను.

రెండోది చెప్పడం ఇంకా కష్టం. ఆరో ఎపిసోడ్ మొదట్లో ఒక క్లిప్ పెట్టాం. ఫైనల్లో ఓడిపోయి పదిహేనేళ్ళ పిల్లవాడు ఏడ్చిన క్లిప్. ఇరవై సెకన్లు. ఆ వయసులో అందరం అలాగే ఏడ్చాం కదా, అందరికీ దగ్గరగా ఉంటుందనుకున్నాం. పెట్టొచ్చన్నవాళ్ళలో నేనూ ఉన్నాను. వాణ్ణి అడగలేదు. వాళ్ళ స్కూల్లో ఎవరో ఆ ముక్క కోసి ఫోన్లలో పంచుకున్నారు, రింగ్‌టోన్ చేసుకున్నారు. వాడు స్కూలు నుంచి ఏడుస్తూ ఇంటికెళ్ళాడు. వాళ్ళ మేనమామ నాకు ఫోన్ చేశారు. గొంతు పెంచలేదు. “మీరు పెద్దవాళ్ళు కదమ్మా, ఒక్కమాట అడగాల్సింది” అన్నారు. అదే రోజు క్లిప్ తీసేశాం. కానీ పిల్లవాడు మళ్ళీ రాలేదు. నేను రెండుసార్లు మెసేజ్ పెట్టాను, జవాబు లేదు. ఆ బాధ నాకు పోలేదు, పోవాలని కూడా నేను కోరుకోవట్లేదు.

2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం పద్ధెనిమిదేళ్ళలోపు వాళ్ళందరినీ పిల్లలే అంటోంది, వాళ్ళ డేటా వాడాలంటే తల్లిదండ్రుల అనుమతి ఉండాలంటోంది. మనలాంటి చిన్న గుంపుకి ఆ చట్టం ఎంతవరకు వర్తిస్తుందన్నది లాయర్లు చెప్పాలి. మనకి లాయరు దాకా ఎందుకు? గొంతు ఎవరిదైతే వాళ్ళని అడుగుదాం. చిన్నవాళ్ళయితే ఇంట్లో పెద్దవాళ్ళని కూడా అడుగుదాం. రికార్డు చేసేముందు ఒకసారి, ఎడిట్ అయ్యాక వినిపించి ఇంకోసారి. వద్దంటే కారణం అడగకుండా తీసేద్దాం.

ఇప్పుడు మనలోని అమ్మాయిల సంగతి మాట్లాడాలి. మన గుంపులో ఆరేళ్ళుగా ఉన్నా నేను ఇంతవరకు గొంతు వినని చెల్లెళ్ళున్నారు. ఎందుకో అబ్బాయిలకి తెలియకపోవచ్చు, కాబట్టి చెప్తాను. తెలియనివాళ్ళతో కలిపే రాండమ్ స్క్వాడ్‌లో దిగి మైక్ ఆన్ చేసి ‘ఇటు ఎనిమీ ఉన్నాడు’ అంటాం. రెండు సెకన్లు అవతల నిశ్శబ్దం. తర్వాత, ‘అమ్మాయా?’ ఇక అక్కణ్ణుంచి ఆట ఉండదు. ఐడీ ఇమ్మంటాడు, ఇన్‌స్టా అడుగుతాడు, ఇవ్వకపోతే బూతులు. నాకు ముప్ఫై దాటాయి, రేడియోలో మాట్లాడిన గొంతు ఇది, అయినా మొదటి ఏడాదంతా మైక్ ఆపుకునే ఆడాను. పేరు కూడా అబ్బాయి పేరు పెట్టుకున్నాను. క్లచ్ చేసి, అంటే జట్టులో ఒక్కదాన్నే మిగిలి, గెలిపించినా ‘బాగా ఆడావు బ్రో’ అంటే బ్రో గానే ఉండిపోయేదాన్ని.

పాడ్‌కాస్టులో మొహం చూపించక్కర్లేదు. వీడియో ఎందుకు చెయ్యకూడదని అడిగేవాళ్ళకి నా జవాబు ఇదే. వీడియో అనగానే వెలుతురు, గోడ, చున్నీ, ఇంట్లోవాళ్ళ అనుమతి, కింద కామెంట్లు. గొంతు ఒక్కటే అయితే, ఎక్కడ కూర్చుని మాట్లాడుతున్నారో ఎవరికీ తెలియక్కర్లేదు. వంట చేసుకుంటూ వినొచ్చు, హాస్టల్లో దుప్పటి కప్పుకుని వినొచ్చు, బస్సులో కిటికీ పక్కన వినొచ్చు. ఒక ఎపిసోడ్ మొత్తం అమ్మాయిలే మాట్లాడుకుని, వాళ్ళే ఎడిట్ చేసుకుని ఇవ్వాలని నా కోరిక. ప్రశ్నలడిగే అన్నలెవరూ అందులో ఉండొద్దు. తోచింది మాట్లాడతారు. ఆట గురించే కావచ్చు, కాకపోవచ్చు.

మాట్లాడలేనివాళ్ళ సంగతేంటని నిన్న ఒక తమ్ముడు రాశాడు. అతనికి నత్తి. ‘పాడ్‌కాస్ట్ వస్తే నేను బయటివాణ్ణవుతాను కదా అక్కా’ అన్నాడు. ఈ రెండు నెలల వాదనలో నన్ను ఆపి ఆలోచింపజేసింది ఈ ఒక్క ప్రశ్న. నాకు తోచింది చెప్తాను, తప్పయితే సరిదిద్దండి. రాసి పంపితే చదివి వినిపించడానికి మనిషి ఉండాలి. పోస్టుకార్డులు చదివినట్టు, పేరు పెట్టి, ఒక్క అక్షరం మార్చకుండా. నత్తితోనే మాట్లాడతానంటే ఇంకా మంచిది, మాట మధ్యలో ఆగే చోట్లు మనం కత్తిరించొద్దు. ఎడిటింగ్ చేసేవాళ్ళు ఇది గుర్తుపెట్టుకోండి. దగ్గు తియ్యండి, మనిషి మాట్లాడే తీరు తియ్యకండి.

ఇక ఎలా చెయ్యాలన్నది. దీనికి పెద్ద సరంజామా వద్దు. మైకు కొనడానికి చందాలు వెయ్యొద్దు. ఎవరి ఫోన్‌లో వాళ్ళ గొంతు రికార్డు చేసుకుని, ఆ ఫైలు పంపాలి. కాల్‌లో వచ్చే గొంతుని రికార్డు చేస్తే నెట్ ఆగినచోటల్లా ముక్కలవుతుంది. మొదలుపెట్టేటప్పుడు ఒకరు ‘ఒకటి, రెండు, మూడు’ అనగానే అందరూ ఒక్కసారి చప్పట్లు కొట్టాలి. ఎడిటింగ్‌లో ఆ చప్పట్లు సూదిలా పైకి లేచి కనబడతాయి. నాలుగు ఫైళ్ళలో నాలుగు సూదుల్నీ ఒక వరుసలో పెడితే మాటలన్నీ సరిపోతాయి. 2021లో ఈ ఒక్కటీ తెలియక తమ్ముడు రాత్రుళ్ళు కూర్చున్నాడు. ఫ్యాను ఆపండి. మే నెలలో ఇది ఎంత కష్టమో నాకు తెలుసు, అందుకే ఇరవై నిమిషాలకోసారి ఆపి గాలి పీల్చుకుందాం. ఖాళీ గదిలో గొంతు నూతిలోంచి వచ్చినట్టుంటుంది, కాబట్టి మంచం మీద కూర్చుని ఎదురుగా ఒక బొంత ఆరేసుకోండి. ఎడిటింగ్‌కి ఆడాసిటీ చాలు, ఉచితం, పాత ల్యాప్‌టాప్ మీద కూడా నడుస్తుంది.

మాటలకి 64 కేబీపీఎస్ మోనో ఎంపీత్రీ సరిపోతుంది. నిమిషానికి అర ఎంబీ కూడా పట్టదు. నలభై నిమిషాల ఎపిసోడ్ అంటే సుమారు 19 ఎంబీ. పల్లెలో ఉన్న తమ్ముడి డేటా కూడా మిగులుతుంది.

ఫైలు మన దగ్గరే ఉంటుంది, దాన్ని మర్చిపోవద్దు. పాడ్‌కాస్టింగ్ అనే మాట 2004 ఫిబ్రవరిలో గార్డియన్ పత్రికలో బెన్ హామర్‌స్లీ అనే విలేకరి వాడాడు. దాని వెనకున్న ఏర్పాటు చాలా సాదా సీదా. ఎపిసోడ్ పేరు, ఫైలు ఉన్న చోటు రాసిన ఒక చిట్టా, దాన్ని ఆర్ఎస్ఎస్ ఫీడ్ అంటారు. వినే యాప్‌లన్నీ ఆ చిట్టా చూసి ఫైలు తెచ్చుకుంటాయి. ఒక కంపెనీ మూతపడితే ఫైళ్ళు ఇంకోచోట పెట్టుకుని చిట్టా మార్చుకుంటాం. మనల్ని ఖాళీ చెయ్యమనే ఇంటి యజమాని ఇక్కడ లేడు. ఒక కాపీ మన దగ్గర, ఒక కాపీ డల్లాస్ తమ్ముడి దగ్గర ఉంచుదాం.

డబ్బు విషయం రెండు మాటల్లో చెప్తాను. స్పాన్సర్లొద్దు. 2021లో మనకొచ్చిన ఒకే ఒక్క స్పాన్సర్ బేరం పేకాట యాప్ నుంచి. తెలంగాణలో 2017 నుంచి, ఆంధ్రప్రదేశ్‌లో 2020 నుంచి పందెం పెట్టే ఆన్‌లైన్ ఆటల మీద నిషేధం ఉంది. 2025 ఆగస్టులో దేశం మొత్తానికీ చట్టం వచ్చింది. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలకి ప్రచారం చేస్తే రెండేళ్ళదాకా జైలు, యాభై లక్షలదాకా జరిమానా. అదే చట్టం ఈ-స్పోర్ట్స్‌ని వేరుగా గుర్తించింది. మన ఇళ్ళలో మాత్రం ఆ తేడా ఇంకా చేరలేదు. ‘ఆన్‌లైన్ గేమ్స్’ అనగానే అమ్మానాన్నలకి అప్పులపాలై ప్రాణం తీసుకున్న వాళ్ళ వార్త గుర్తొస్తుంది. భయపడటంలో తప్పు లేదు. వాళ్ళకి ఉపన్యాసం ఇచ్చే బదులు, ట్యాంకు కింద కుర్చీ వేసుకున్న ఆ నాన్ననే ఒక ఎపిసోడ్‌కి పిలుద్దాం. ఆయన మాట ఇంకో నాన్న వింటాడు.

ఎన్ని ఎపిసోడ్లు? ఎనిమిది. నెలకొకటి, ఎనిమిది నెలలు. వారం వారం వద్దు. ఎనిమిది అయ్యాక ఆగుదాం. ఇంకా చెయ్యాలనిపిస్తే అప్పుడు మళ్ళీ ఇలాగే కూర్చుని నిర్ణయించుకుందాం. అనిపించకపోతే అక్కడితో ముగించామని చెప్పి ముగిద్దాం. క్రితంసారిలా ఎవరికీ చెప్పకుండా ఆగిపోతే, ఆగిపోయిన భారం ఒకరి మీద పడుతుంది.

చివరగా మీకు ఒకటి వినిపించాలి. 2020 అక్టోబరు 30 రాత్రి. పబ్‌జీ సర్వర్లు ఆగిపోతాయని తెలిసి మన నలుగురు ఆటలోని ఎరాంగెల్ అనే మ్యాప్‌లో దిగారు. ఎవరినీ చంపకూడదని ముందే అనుకున్నారు. అక్కడి పొచింకి అనే ఊళ్ళో ఇళ్ళమధ్య తిరిగి, బండి తీసుకుని, సముద్రం ఒడ్డుకెళ్ళి నిలబడ్డారు. తర్వాత ఆట ఆగిపోయింది. కానీ కాల్ ఎవరూ కట్ చెయ్యలేదు. అందులో ఒకరి ఫోన్‌లో స్క్రీన్ రికార్డింగ్ ఆన్‌లో ఉండిపోయింది. బొమ్మ లేదు, నల్లటి తెర. గొంతులున్నాయి. మొత్తం రెండు నిమిషాలు, వినిపించడానికి నేను అందులోంచి నలభై సెకన్లు తీసుకున్నాను. మన ఆరేళ్ళలో మన దగ్గర మిగిలిన గొంతుల్లో ఇదే పాతది.

అందులో నలుగురూ మాట్లాడతారు. వెనక నూజివీడు తమ్ముడి వాళ్ళ అమ్మగారు అన్నానికి పిలుస్తారు. నలుగురినీ అడిగాను, సరేనన్నారు. ఒకరు దుబాయ్ నుంచి ఒప్పుకున్నారు. అమ్మగారిని కూడా మొన్న ఫోన్‌లో అడిగాను. వినిపించు తల్లీ, కానీ ఆ రోజు కూర ఏంటో అందులో చెప్పానా, నాకు గుర్తు లేదు, అన్నారు. చెప్పారు. దొండకాయ వేపుడు.

ఇప్పుడు పెడతాను. బాబూ, ఆ వెనక ఫ్యాన్లు రెండూ ఒక్క నిమిషం ఆపండి.